శరణార్థికి దరఖాస్తు రాసేవాళ్ళు

ఊరు విడిచి పోవాల్సి వచ్చిన మనిషికి మన తెలుగులో మూడు పేర్లున్నాయి. ప్రాజెక్టు కింద ఊరు మునిగితే నిర్వాసితుడు అంటాం. యుద్ధానికి భయపడి కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాణ్ణి మన తాతలు కాందిశీకుడు అన్నారు. సొంత దేశంలో బతకనివ్వక పరాయి దేశంలో తలదాచుకున్నవాణ్ణి శరణార్థి అంటున్నాం. పేర్లు మూడైనా గోస ఒక్కటే. ఈ ముగ్గురికీ ఒక పూట అన్నం పెట్టేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. "నీ తరఫున నేను మాట్లాడతాను, ఆ కాగితం ఇటివ్వు" అనే మనిషి మాత్రం అంత తేలిగ్గా దొరకడు. ఈ వ్యాసం ఆ మనిషి గురించి. శరణార్థులకు ఉచితంగా న్యాయ సహాయం చేసే సంస్థల్లో పనిచేసేవాళ్ళ గురించి.

మిత్రులారా! ఇదేదో మనకు సంబంధం లేని ఢిల్లీ విషయం అనుకోకండి. మన సాగర్ నుంచే మొదలుపెడదాం.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ దగ్గర తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల కాలం నాటి విహారాల రాళ్ళను జాగ్రత్తగా తెచ్చి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మంచి పని చేశారు. కానీ అదే లోయలో మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళకు వర్తించింది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం భూమికి వెల కట్టింది, పట్టా ఉన్నవాడికి డబ్బు ఇచ్చింది. అదే భూమిలో కూలి చేసుకొని బతికినవాడు దాని లెక్కలోకే రాలేదు. కూలీలనూ కౌలుదార్లనూ కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించిన చట్టం 2013లో వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమలైంది. పేదవాడికి ఉచిత న్యాయ సహాయం అందాలనే 39ఏ అధికరణం రాజ్యాంగంలో చేరింది 1976లో. అంటే సాగర్ లోయ ఖాళీ అవుతున్న రోజుల్లో "నాకొక లాయరును ఇవ్వండి" అని అడిగే హక్కు అక్కడి కూలీకి ఎక్కడా రాసి లేదు. అడిగేవాడు లేనిచోట చట్టం ఉన్నవాడికే చుట్టం అవుతుంది.

ఒక ఉత్తరం చేసిన పని

డ్యాం కింద ఊరు పోయినవాళ్ళు మరో దేశంలో శరణార్థులైన సంగతి ఒకటుంది. చాక్మాలు చిట్టగాంగ్ కొండల్లో ఉండే గిరిజనులు. ఎక్కువమంది బౌద్ధులు. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కర్ణఫూలి నదిమీద కప్తాయి డ్యాం 1962లో పూర్తయింది. పొలాలు మునిగాయి. దానికి మతపరమైన వేధింపులు తోడయ్యాయి. 1964లో వేలమంది మన దేశానికి వచ్చారు. ప్రభుత్వం వాళ్ళలో చాలామందిని ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంచింది.

ముప్పై ఏళ్ళ తర్వాత అక్కడి విద్యార్థి సంఘం "ఫలానా తేదీలోగా వెళ్ళిపోండి" అని చాక్మాలకు హెచ్చరిక ఇచ్చింది. పౌరసత్వం కోసం వాళ్ళు పెట్టుకున్న దరఖాస్తులను జిల్లా అధికారులు పైకి పంపలేదు. అప్పుడు, 1994లో, పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఒక ఉత్తరం రాసింది. చాక్మాల సొంత కమిటీ కూడా ఫిర్యాదు చేసింది. కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 జనవరి 9న తీర్పు వచ్చింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని, చాక్మాలను బలవంతంగా వెళ్ళగొట్టే వీలు లేదని, వాళ్ళ దరఖాస్తులను రిజిస్టరులో ఎక్కించి కేంద్రానికి పంపాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పు నాటికి వాళ్ళ సంఖ్య సుమారు 65,000.

ఈ కేసులో నాకు రెండు విషయాలు ముఖ్యం అనిపిస్తాయి. వెళ్ళిపొమ్మన్నది విద్యార్థులు. మనమూ విద్యార్థులమే కాబట్టి దాన్ని మరిచిపోకూడదు. రెండోది, 65,000 మంది బతుకు ఒక ఉత్తరంతో, ఒక ఫిర్యాదుతో నిలిచింది. కోర్టులో వాదించిన పెద్ద లాయర్ల కంటే ముందు ఎవరో ఒకరు కూర్చొని, ఎవరికి ఏం జరిగిందో, ఏ తేదీన ఏ అధికారి ఏమన్నాడో వరసగా కాగితం మీద పెట్టారు. ఆ కాగితమే లేకపోతే కేసే లేదు.

బాలాపూర్ దాకా వచ్చినవాళ్ళు

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. బాలాపూర్ వైపు, పాతబస్తీ చుట్టుపక్కల గుడిసెల్లో రోహింగ్యాలు ఉంటున్నారు. వాళ్ళది బర్మాలోని అరకాన్ ప్రాంతం. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వాళ్ళను ఏ దేశానికీ చెందనివాళ్ళుగా చేసింది. 2012 అల్లర్ల తర్వాత కొందరు మన వైపు వచ్చారు. 2017 ఆగస్టులో మొదలైన సైనిక దాడుల తర్వాత 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

మన దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం దృష్టిలో పర్యాటకుడూ శరణార్థీ ఇద్దరూ విదేశీయులే. ఆ చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ శరణార్థి అనే మనిషికి విడిగా చోటు లేదు. టిబెట్, శ్రీలంక నుంచి వచ్చినవాళ్ళ సంగతి ప్రభుత్వమే చూస్తుంది. రోహింగ్యాల వంటి వాళ్ళ విషయం ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ విచారించి కార్డు ఇస్తుంది. దాని ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. బాలాపూర్‌లో చెత్త ఏరుకొని బతికే మనిషికి ఢిల్లీ ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

ఈ దూరాన్ని తగ్గించేవాళ్ళే నేను చెబుతున్న మనుషులు. ఢిల్లీలో సోషియో లీగల్ ఇన్ఫర్మేషన్ సెంటర్ అనే సంస్థ ఏళ్ళ తరబడి శరణార్థులకు లాయర్లను ఇచ్చింది. హైదరాబాదులో మత సామరస్యం కోసం మొదలైన కోవా అనే సంస్థ ఐక్యరాజ్యసమితి సంస్థతో కలిసి రోహింగ్యాల మధ్య పనిచేసింది. ఇటువంటి చోట లాయర్లు కొద్దిమందే ఉంటారు. మిగతావాళ్ళు దుబాసీలు, బస్తీల్లో తిరిగే కార్యకర్తలు, ఫైళ్ళు చూసేవాళ్ళు. పత్రికల్లో వాళ్ళ పేర్లు రావు.

వాళ్ళు చేసే పని ఏమిటి?

ముందుగా వినడం. శరణార్థి అని గుర్తింపు రావాలంటే తన ఊళ్ళో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాలి. తేదీలు తప్పితే అబద్ధమని అనుమానిస్తారు. కానీ క్యాలెండరు ఎరగని మనిషి "వరి కోతలప్పుడు", "పండుగ ముందు" అని చెబుతాడు. భయం పట్టుకున్న మనిషి మధ్యలో ఆగిపోతాడు. ఆ మాటలను ఓపికగా విని వరసలో పెట్టాలి. తనవైపు నుంచి ఒక్క మాట కూడా కలపకూడదు. జాలిపడి ఒక మాట ఎక్కువ రాస్తే, రేపు విచారణలో అదే ఆ మనిషి మెడకు చుట్టుకుంటుంది. దుబాసీ పని మరీ కష్టం. ఆడమనిషి తనకు జరిగింది మగవాడి ముందు చెప్పలేదు, కాబట్టి ఆడ దుబాసీ ఉండాలి. విన్నది బయట ఎక్కడా అనకూడదు.

తర్వాత చిన్న చిన్న కాగితాలు. ఇక్కడ పుట్టిన బిడ్డకు జనన ధ్రువీకరణ పత్రం కావాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఈ నేలమీద పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుకా నమోదు కావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని అందులోనే రాసి ఉంది. ఈ సంగతి గుమాస్తాకు తెలియకపోతే మర్యాదగా చెప్పేవాడు, వినకపోతే పై అధికారికి రాసేవాడు కావాలి.

పోలీసులు పట్టుకుపోయినప్పుడు అసలు పరీక్ష. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని, లాయరుతో మాట్లాడనివ్వాలని 22వ అధికరణం చెబుతుంది. శత్రుదేశస్థులకూ, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళకూ తప్ప అందరికీ ఆ రక్షణ ఉంది. స్టేషనులో నిలబడి ఆ మాట గుర్తుచేసే ధైర్యం ఈ కార్యకర్తలకు ఉండాలి.

అన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటి ఉంది. అదే "కాదు" అని చెప్పడం. "నీ దరఖాస్తు తిరస్కరించారు. అప్పీలు చేద్దాం, కానీ గెలుస్తామని మాట ఇవ్వలేను" అని ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళలోకి చూసి చెప్పడం. డబ్బు తీసుకొని ఆశ అమ్మే దళారులు ప్రతి బస్తీలోనూ ఉంటారు. మంచి న్యాయ సహాయకుడికీ దళారికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

మనవాళ్ళకే దిక్కు లేదు కదా?

ఈ మాట చాలామంది అంటారు. మన తండాల్లో, మన వాడల్లో ఇంత బాధ ఉంటే పరాయివాళ్ళకు ఈ సేవ దేనికి అని. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. జవాబు చెప్పాల్సిన ప్రశ్నే.

మొదటి జవాబు. పరాయితనం ఎప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు అక్కడ కూలి పనుల్లో ఉన్నవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. 1942లో చాలామంది అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మళ్ళీ వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఈనాటికీ ఉంది. అదే బర్మా, అదే పారిపోవడం. వచ్చినవాళ్ళు అప్పుడు మన భాష మాట్లాడారు, ఇప్పుడు వేరే భాష మాట్లాడుతున్నారు.

రెండో జవాబు. మనవాళ్ళు సొంత జిల్లాలోనే శరణార్థులయ్యారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్ళు ఊరు వదిలి చీరాలకు వెళ్ళి శిబిరంలో తలదాచుకున్నారు. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాసిందీ ఆయనే. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్ళు పట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. బాధితుల పోరాటం వల్ల ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అంటే న్యాయ సహాయం చేసేవాడికి గెలుపు రాసిపెట్టి ఉండదు. అయినా సాక్షుల మాటలు కాగితం మీదికి ఎక్కాయి, వాటిని ఎవరూ చెరపలేరు. చీరాల శిబిరంలో ఉన్న మనవాళ్ళకు తారకం ఎంత అవసరమో, బాలాపూర్ గుడిసెలో ఉన్నవాడికి ఒక లాయరు అంతే అవసరం.

మూడో జవాబు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. కాగితం లేదని మనిషిని తోసేసే అలవాటు పరాయివాడితో మొదలై మనదాకా వస్తుంది. విదేశీయుడినని అనుమానిస్తే కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషి మీదే ఉంటుంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో ప్రకటించిన పౌరుల జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినవాళ్ళు, పెళ్ళయి ఊరు మారిన ఆడవాళ్ళు కాగితాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగారు. మన అమ్మమ్మలకు జనన పత్రాలు ఉన్నాయా? మన ఆధార్ కార్డులో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఒక పేరు ఉన్నవాళ్ళు ఈ హాస్టల్లోనే ఎందరున్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. ఎవరూ లేనివాడి తరఫున "ముందు పద్ధతి ప్రకారం విచారించండి" అని అడిగేవాడు మన ఇంటి గడప కూడా కాపాడుతున్నాడు.

దేశ భద్రత సంగతేమిటి అని కూడా అడుగుతారు. న్యాయ సహాయం అంటే తప్పు చేసినవాణ్ణి దాచడం కాదు. రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వాళ్ళను పంపకుండా ఆపడానికి ఒప్పుకోలేదు. అయితే 14, 21 అధికరణాలు పౌరులు కానివాళ్ళకూ వర్తిస్తాయనీ, నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదనీ చెప్పింది. ఆ పద్ధతి పాటించారా లేదా అని చూసే కన్ను ఒకటి ఉండాలి కదా! రాజ్యాంగం రాసినవాళ్ళు ఓటు వంటి కొన్ని హక్కులను పౌరుడికి ఇచ్చారు, ప్రాణాన్నీ సమానత్వాన్నీ "వ్యక్తి"కి ఇచ్చారు. అంబేద్కర్ నాయకత్వంలోని కమిటీ ఈ తేడాను తెలిసే రాసింది.

దయ చాలదు, హక్కు కావాలి

ఈ సంస్థల్లో పనిచేసేవాళ్ళను దేవుళ్ళని నేను అనను. వాళ్ళకూ విసుగు వస్తుంది, పొరపాట్లు జరుగుతాయి. పైగా వాళ్ళ ఉద్యోగం ప్రాజెక్టు నిధులమీద నడుస్తుంది. నిధి ఆగితే పని ఆగుతుంది. 2025లో దాతల నిధులు తగ్గడంతో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రపంచమంతటా వేలాది ఉద్యోగాలు తీసేసింది. ఉద్యోగి ఇంటికి పోతే అతని బల్లమీద ఉన్న ఫైలు ఎవరు చూస్తారు? సగం రాసిన దరఖాస్తు గతి ఏమిటి? అందుకే ఇది దాతల దయమీద వదిలేయాల్సిన పని కాదు.

న్యాయ సేవల చట్టం 1987లో చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. దాని 12వ సెక్షను ఎవరెవరికి ఉచిత న్యాయ సహాయం అందాలో చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, వరదల వంటి విపత్తుల్లో చిక్కినవాళ్ళు, కుల దౌర్జన్యాల, జాతి హింసల బాధితులు ఆ జాబితాలో ఉన్నారు. ఆ సెక్షను "ప్రతి పౌరుడు" అని మొదలు కాలేదు, "ప్రతి వ్యక్తి" అని మొదలైంది. చూడండి, మన హాస్టల్ పిల్లలూ జాతి హింసనుంచి పారిపోయి వచ్చిన శరణార్థీ ఒకే సెక్షనులో పక్కపక్కన ఉన్నాం. కాబట్టి ప్రభుత్వం చేయాల్సినవి మూడు. శరణార్థుల కోసం ఒక చట్టం తేవాలి. జిల్లా న్యాయ సేవా సంస్థలు ఈ సెక్షను కింద శరణార్థులకు కూడా లాయర్లను ఇస్తామని బహిరంగంగా చెప్పాలి. భాష తెలిసిన దుబాసీలను జీతమిచ్చి నియమించాలి.

మరి మనం చేయాల్సింది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోర్టుల్లో న్యాయ సేవా సంస్థల కార్యాలయాలున్నాయి. ఒకసారి వెళ్ళి చూడండి. జాతీయ న్యాయ సేవా సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. లాయరు కాకపోయినా శిక్షణ తీసుకొని జనానికి దరఖాస్తులు రాసిపెట్టవచ్చు, కార్యాలయాలకు తోడు వెళ్ళవచ్చు. ఇంటర్ తర్వాత లాసెట్ రాసి ఐదేళ్ళ లా కోర్సు చదవవచ్చు. ఇంజనీరింగు, డాక్టరు అనే రెండు కలలే కాదు, నల్లకోటు కూడా ఒక కలే. కుల ధ్రువీకరణ పత్రం కోసం, ఆదాయ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కి దిగిన మనకు ఒక కాగితం విలువ ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు. తమ్ముళ్ళకు స్కాలర్‌షిప్ ఫారం నింపిపెట్టే ప్రతి సీనియరూ ఈ పనిలో సగం ఇప్పటికే నేర్చుకున్నాడు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండుతున్నాయి. ఆ నీళ్ళ అడుగున ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలోని కూలీకి ఆనాడు ఒక లాయరును ఇవ్వమని అడిగే హక్కు కూడా రాసి లేదు. ఆ అప్పు మనమీద ఉంది. ఆ అప్పును తిరిగి తీర్చుకోవడానికి ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పుడు లేరు. నిలువ నీడ లేక మన రాష్ట్రానికి వచ్చినవాడు ఉన్నాడు. అతని పక్కన కూర్చొని, అతను చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టేవాళ్ళలో రేపు మన హాస్టల్ పిల్లలు కొందరైనా ఉండాలి.